అంటు

ఈ ల్యాబులో అంట్లు తోమేది నేను.
బీకర్లు, గొట్టాలు, గాజు పలకలు,
గోరంత క్వార్ట్జ్ బిళ్లలు.
ముందు ఆమ్లం, తర్వాత ఓజోను,
ఆపైన మూడుసార్లు వడగట్టిన నీళ్లు.

తోమింది చాలో లేదో బొట్టు నీళ్లే చెప్పాలి.
పలుచగా పరుచుకుంటే శుభ్రం.
ముత్యంలా ముడుచుకుందా,
నా కళ్లుగప్పి ఎవరో వచ్చి కూర్చున్నట్టే.
ఎవరో అంటే
మెట్ల కింద వేగుతున్న ఉల్లిపాయ ఆవిరి,
బోగ్నా రాసుకున్న చేతి క్రీము,
ఒక్కోసారి నా ఊపిరి.

నవంబరులో ఒక ఆదివారం
బోగ్నా వాళ్ల నాన్న వచ్చాడు.
గెరార్డ్. గ్దాన్‌స్క్ రేవులో ముప్పై ఎనిమిదేళ్లు
ఓడల పొట్టలు గీకిన మనిషి.
వీపు మీదికి రాలిన గుల్లల గీతలు
ఇంకా మెడ దగ్గర తెల్లగా కనిపిస్తాయి.
కోటు విప్పలేదు. కుర్చీ వద్దన్నాడు.
"ఆ దరిద్రం ఎప్పుడు మొదలవుతుందో చూపించు," అన్నాడు
కషూబియన్ యాసలో.
"నా దగ్గరికొచ్చేసరికి
ఎప్పుడూ అరచెయ్యి మందం ఉండేది."

బిళ్ల జుమ్మంటూ కంపిస్తోంది, మన చెవికందని శ్రుతిలో.
మీద ఈగ కాలి బరువులో
వెయ్యో వంతు పడినా గొంతు తగ్గిస్తుంది.
బోగ్నా కుళాయి తిప్పి రేవునీళ్లు వదిలింది.
తిప్పిన చెయ్యి వెనక్కి రాకముందే
తెర మీద గీత జారింది.

"ఇదిగో, మొదలైంది."
"ఏదీ? ఏమీ లేదే!"
"ఉంది. చచ్చిన నాచు జిగురు,
చేప ఒంటి మీది మాంసకృత్తులు,
ఎవరో పారబోసిన సూపులో కొవ్వు.
సూక్ష్మజీవులు ఇంకా దారిలోనే ఉన్నాయి.
నువ్వు గీకిన గుల్లలు
ఈ విందులో ఆఖరి బంతి."

ముసలాయన కళ్లజోడు తుడుచుకున్నాడు.
(అద్దాన్ని కోటు అంచుతో. నాకు ఒళ్లు జలదరించింది.)

ముందొచ్చిన వాళ్లు అక్కడే ఉండిపోరట.
చిన్నవి, తేలికవి, గుంపుగా ఉన్నవి మొదట చేరతాయి.
బరువైనవి నింపాదిగా వచ్చి
వాటిని పక్కకి నెట్టి పట్టు బిగిస్తాయి.
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి,
అది రక్తంలోనూ అంతేనట.

"నీ మోకాల్లో వేసిన లోహాన్ని
నీ ఒళ్లు ఇంతవరకు తాకనే లేదు నాన్నా.
తాకింది దాని మీది పొరని."
ఆయన వంగి మోకాలు చూసుకున్నాడు,
అద్దెకున్నవాణ్ణి చూసినట్టు.

కాసేపటికి తనే ఎత్తాడు, ఎర్రరంగు సంగతి.
ఏదీ అంటకుండా ఓడలకి పూసిన విషం.
"చేతి గుడ్డలు ఇచ్చేవాళ్లు కాదు. డబ్బాలు కాలవలోనే కడిగేవాళ్లం.
ఆ ఓడలన్నీ తుక్కుకి పోయాయి.
రంగు కూడా పోయుంటుంది."

బోగ్నా వెంటనే జవాబివ్వలేదు.
కిటికీ కింద ఒక సీసాలో రేవు అడుగు బురద ఉంది,
నల్లగా, నూనె నిగారింపుతో.
ఆ సీసాని నేను తోమను. తోమొద్దని చీటీ ఉంటుంది.
"ఓడని వదిలింది," అంది.
"మట్టి రేణువుల్ని పట్టుకుంది."
"ఇంకానా?"
"ఇంకానే."

బయట ట్రామ్ వెళ్లింది. బీకర్లు సన్నగా మోగాయి.

"మరి శుభ్రం అంటే ఏమిటే?"
"ఎంతసేపు అని అడగాలి నాన్నా."

ఆయన నవ్వలేదు. సిగరెట్లతో పసుపెక్కిన బొటనవేలు చాచి
నేను పొద్దుట్నుంచి కడిగిన కొత్త బిళ్ల మీద
మెల్లిగా ఆనించి తీశాడు.
"నేనెంత బరువున్నానో చెప్పు."

మూడున్నర మైక్రోగ్రాములు.
ట్రామ్ టికెట్టు వెనక రాయించుకుని
సిగరెట్టు పెట్టెలో దాచుకున్నాడు.
బిళ్ల నా చేతికొచ్చింది.
ఆమ్లం సీసా మూత తీశాను,
మళ్లీ పెట్టేశాను.
సోమవారం తోముదాంలే.