పలకరాళ్ళ సరిహద్దు

నా దగ్గరిప్పుడు నూట పద్నాలుగు మంది సైనికులున్నారు,
పదకొండు జీపులు, ఆరు ట్యాంకులు,
రెక్క విరిగిన ఒక విమానం.
అద్దాల బీరువాలో నిలబడి, మోకరిల్లి, పాకుతూ
అందరూ ఎదుటి గోడ మీది క్యాలెండరుకి గురి చూస్తుంటారు.
మా ఆవిడ వారానికోసారి దుమ్ము తుడుస్తూ
"వీళ్ళందరికీ జీతాలెవరిస్తారయ్యా" అంటుంది.

మొదటి జీతం మా అమ్మ ఇచ్చింది.
మార్కాపురంలో వంద పలకలకు చట్రం బిగిస్తే ఎంతొచ్చేదో
నాకు గుర్తులేదు గానీ
ట్యాంకు ఖరీదు మాత్రం మూడొందల పలకలు.
చెన్నకేశవుడి తిరనాళ్ళలో, రథం కదిలే వేళ,
అందరూ అటు తిరిగి దండం పెడుతుంటే
నేను గాలెయ్య బొమ్మల బండి ముందు నిలబడి
నేలకేసి రుద్ది వదిలితే నిప్పురవ్వలు కక్కే
ముదురాకుపచ్చ రేకు ట్యాంకుకి మొక్కాను.
అమ్మ కొంగుముడి విప్పింది.
చిల్లరతో పాటు పలకపొడి రాలింది.

తర్వాత జీపు.
తాళం తిప్పితే కీచుమంటూ మంచం కిందికి దూరి
గోడను గుద్దుకుని, అక్కడే గింజుకునేది.
తిరగేసి చూస్తే కడుపులో
ఏదో నూనె డబ్బా అక్షరాలు, సగం ఆవు.
పాత డబ్బాలు కత్తిరించి చేస్తారని అప్పుడు తెలియదు.
మిలిటరీ జీపులో ఆవెందుకుందని
నేనూ ఖాజావలీ మూడు రోజులు వాదించుకున్నాం.
పాల కోసం, అన్నాడు వాడు.
అదే ఖాయం చేశాం.

గనుల పక్కన పనికిరాని పలకరాళ్ళ కుప్పలు
నల్లగా, పొరలు పొరలుగా.
అవే మా హిమాలయాలు.
మంచు కావాలంటే బలపాలు నూరి చల్లేవాళ్ళం.
కాలు వేస్తే కొండ జరజరా జారేది,
సగం దళం గల్లంతయ్యేది.
తవ్వి తీసి, లెక్కపెట్టి, మళ్ళీ ఎక్కించేవాళ్ళం.
ఊడిపోయిన జీపు చక్రం చోట
సూదిమందు సీసా రబ్బరుమూత బిగించాం.
ఆ సీసాలకు మా ఇంట్లో కొదవ లేదు.
అమ్మకు దగ్గు అప్పటికే మొదలైంది.

ఆ వేసవిలో గిద్దలూరు నుంచి తిరుపాలు మామ వచ్చాడు,
నిజం మిలిటరీ, నెల రోజుల సెలవు.
దళాన్ని బారుగా నిలబెట్టి చూపించాను.
యుద్ధం ఎట్టా చేస్తారు మామా అంటే
చాలాసేపు చూసి, బీడీ నేలకు రుద్ది ఆర్పి,
బోర్లా పడుకుని గురిపెట్టిన వాణ్ణి
వేలితో మెల్లగా వెల్లకిలా తిప్పాడు.
"వీడి డ్యూటీ అయిపోయింది అబ్బయ్యా.
కాసేపు ఆకాశం చూడనీ."
తుపాకి మొన మింటికి లేచింది. మాకు నవ్వొచ్చింది.
ఖాజావలి అయితే, చచ్చిపోయాడు కాబోలనుకుని
గుప్పెడు రాతిపొడి కప్పేశాడు.
పొద్దుగూకే దాకా వెతికాం. దొరకలేదు.

ఇప్పుడు ఆదివారాలు పాత సామాన్ల కొట్లు తిరుగుతాను,
ఒంగోలు, కందుకూరు, ఒక్కోసారి కావలి దాకా.
మొన్న కావలిలో ఒక రైల్వే గార్డు గారి అటక మీద
అచ్చం అట్లాంటి జీపు.
వెయ్యిన్నూటయాభై అన్నారు. బేరమాడలేదు.
ముందు తిరగేశాను.
కడుపులో ఆవు లేదు, బిస్కెట్ల పేరేదో ఉంది.
అయినా తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాను.
ఖాజావలికి ఫోను చేస్తే, లారీ హారన్ల మధ్య నుంచి
"మరి పాలో?" అన్నాడు.

కుప్పలు ఇప్పుడు లేవు.
రోడ్డు వెడల్పు చేసేటప్పుడు టిప్పర్లు ఎత్తుకెళ్ళి
తర్లుపాడు దారి కింద పరిచేశాయి.
ఆ దారిన బస్సెక్కితే
గతుకొచ్చినప్పుడల్లా కాళ్ళు పైకి లాక్కుంటాను.
వాడు వెల్లకిలా ఉన్నాడు కదా.
పైనుంచి పోయే ప్రతి బండి కడుపూ
వాడికొక్కడికే కనపడుతుంది.
వీటిల్లో దేంట్లోనైనా
మిగతా సగం ఆవు ఉందేమో
వాడే చెప్పాలి.