స్తంభం నెంబరు నలభై ఏడు

ఇది సినిమా అయితే
మొదటి షాట్‌లోనే వాన పడాలంటాడు మా తమ్ముడు.
పడలేదు. వైశాఖం.
ఉప్పలగుప్తం అవతల మా చెరువు గట్టు మీద
గాలి కూడా పడుకుంది.
రాత్రి రెండింటికి ఏరేటర్లు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దం ఖరీదు రొయ్యలు పెంచినవాడికే తెలుసు.
అరగంట దాటితే రొయ్య తేలుతుంది,
గంట దాటితే అప్పు తేలుతుంది.

లైన్‌మన్ నెంబరుకి ఫోన్ చేశాను.
ఆడగొంతు.
"మీ ఆయన్ని లేపండమ్మా" అన్నాను.
"నాకింకా పెళ్లి కాలేదండి. స్తంభం నెంబరు చెప్పండి."
మా ప్రేమకథలో మొదటి డైలాగు ఇదే, ఏం చేస్తాం.

స్కూటీ మీద వచ్చింది సువార్త.
భుజాన తాడు, నడుముకి బెల్టు,
నిద్ర చాలని కళ్లు.
నిచ్చెన పట్టుకుంటానన్నాను.
"టార్చి పట్టుకోండి చాలు.
నా మొహమ్మీద కాదు, ఫ్యూజు మీద."

మా నాన్న చూసిన సినిమాల్లో
హీరో మేడకేసి చూసి పాట అందుకునేవాడు.
నేను మెడ పట్టేసేదాకా చూశాను గానీ పాడలేదు.
ఏరేటర్లే పాడాయి
తెల్లటి నురగతో,
పదీ ఒక్కసారి.

తర్వాత రెండు నెలలు
కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసిన రైతు
డెల్టా మొత్తంలో నేనొక్కణ్ణే.
ఒకసారి పోకుండానే ఫోన్ చేశాను.
"మీ ఎనకాల ఏరేటరు ఇనపడతందండి"
అని పెట్టేసింది.

మా అమ్మ అడిగింది: "ఏ ఊరమ్మా మీది?"
ఏ ఊరంటే అమ్మ భాషలో ఏ పేట అని.
సువార్తకీ తెలుసు ఆ భాష.
"నలభై ఏడో స్తంభం దాటాకండి" అంది.
ఆ స్తంభం దగ్గర సిమెంటు రోడ్డు ఆగిపోతుంది.

అమ్మ చెయ్యి
స్టీలు గ్లాసుకీ పేపరు కప్పుకీ మధ్య ఆగింది.
ఈ షాట్‌కి సంగీతం వద్దు.
ఆ రోజు పేపరు కప్పే.
ఆ వారం అంతా పేపరు కప్పే.
నేనేం అనలేదు. అదీ రాసుకోండి.

తుఫానుకి మూడు రోజులు కరెంటు లేదు.
పడిపోయిన కొబ్బరిచెట్ల మీంచి
తడి బూట్లతో దూకుతూ వచ్చి
అర్ధరాత్రి మా వీధికి వెలుగిచ్చింది.
అమ్మ టీ తెచ్చింది, స్టీలు గ్లాసులో.
మనసు మారిందని రాయను,
పేపరు కప్పులు అయిపోయాయి.
కొట్లు తెరిచాక కూడా
మళ్లీ కొనలేదు,
అంతవరకూ రాస్తాను.

ఇష్టమేనా అని అడిగాను.
"డ్యూటీలో ఉన్నానండి" అంది.
పదకొండు రోజులు.
మేతకి వలలు ఎత్తి చూస్తూ, లెక్క తప్పుతూ, పదకొండు రోజులు.
పన్నెండో రోజు మెసేజీ:
"రాత్రి ఫోనొస్తే ఎక్కడికి అనకూడదు."
ఆయ్, అని పంపాను.
ఆ రెండక్షరాలకి ఎంతసేపు టైపు చేశానో!

క్లైమాక్సులో కరెంటు పోవాలి,
పట్టుచీరతో పెళ్లికూతురు స్తంభం ఎక్కాలి
అని మా తమ్ముడి పట్టు.
"పట్టుచీరతో ఎక్కితే సస్పెండు చేస్తారు" అంది సువార్త.
రిజిస్ట్రారాఫీసులో కరెంటు శుభ్రంగా ఉంది.
ఫ్యానే తిరగలేదు.
తలెత్తి చూసి, "కెపాసిటరు" అని సంతకం పెట్టింది.

ఇప్పుడు రాత్రి రెండింటికి
మా తలగడ పక్కన ఫోన్ మోగుతుంది.
చీకట్లో అవతలివాడెవడో
"మీ ఆయన్ని లేపండమ్మా" అంటాడు.

లేపుతుంది.
టార్చి ఎక్కడ పెట్టానో
నాకే కదా తెలుసు.