నిచ్చెన కాదు, మెట్లు

నాకన్నా ముందు ఆ ఇంటికి ఒకడు వెళ్ళొచ్చాడు.
పది నిమిషాలున్నాడట. టీ కూడా తాగలేదట.
ఫారంలో అతను రాసింది ఒక్క మాట:
నిచ్చెన.

నిచ్చెనెక్కి చేరేది అటక,
మెట్లెక్కి చేరేది గది.
వాలుకప్పు లోపల చలికి అడ్డంగా
దళసరి పొర వేయించుకోవడానికి
సర్కారు సొమ్ము గదికే వస్తుంది.
అటకలో మనిషి నిద్రపోతుందని
ఏ రూలూ అనుకోదు.

ఉత్తర వేల్స్‌లో పలకరాతి కొండ కింద ఊరు.
ఎనిడ్ ప్రిచర్డ్ ఇంటికప్పు ఆ కొండదే.
నూట ఇరవై ఏళ్ళనాడు చీల్చిన పలకలు
ఒకదాని భుజమ్మీద ఒకటి తల వాల్చి ఉంటాయి.
గాలి వాటిమీద రాస్తుంది, చెరిపేస్తుంది,
మళ్ళీ అదే రాస్తుంది
ఓనమాల దగ్గరే ఆగిపోయిన పిల్లాడిలా.
పలక కింద చెక్క,
చెక్క కింద వేలెడు మందం లేని సున్నం,
సున్నం కింద
మనవరాలు మబ్లి మంచం.

పదకొండేళ్ళ పిల్ల టోపీ పెట్టుకుని పడుకుంటుంది.
దిండు కింద ఇన్‌హేలర్.
కిటికీ అద్దానికి లోపలివైపు పేరుకున్న మంచుమీద
గోటితో లెక్కలు చేస్తుంది.
భాగహారం చేసిన చోట శేషం కరిగి
చెక్కమీదికి కారుతోంది.

"కింద వేడి పెడతానా,
అది మెట్లెక్కి, పిల్లని పలకరించకుండా దాటి,
సందుల్లోంచి బయటికి పోతుంది.
కొండని వెచ్చబెట్టడానికేనా నా పెన్షన్?"
అని బిస్కెట్ల డబ్బా తెరిచింది ఎనిడ్.
పెన్షను ఉత్తరం, గ్యాసు బిల్లులు, డాక్టరు చీటీ,
వాటితోపాటు కాదన్న ఉత్తరం కూడా
మడత నలగకుండా.
దేవుడు వరమిచ్చాడు,
పూజారి ఒక మాట అడ్డం పెట్టాడు.

మెట్లు కట్టింది ఆవిడ భర్త ఇద్వాల్.
క్వారీలో రాయి చీల్చినవాడు, వడ్రంగం రాదు.
ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.
పదమూడు మెట్లు, ఏ రెండిటికీ ఎత్తు కలవదు.
ఆరోది మూలుగుతుంది.
తొమ్మిదోది ఎడమకి ఒరిగి
ఎవరి మాటో వింటున్నట్టుంటుంది.
పట్టుకోవడానికి క్వారీ బండి పట్టా ముక్క.
రెండు చేతులతో ఊపి చూశాను.
బోల్టులు గోడలోకి జానెడు దిగి ఉన్నాయి.
కదల్లేదు.

"నిటారుగా ఉన్నాయి" అన్నాను.
"నా మోకాళ్ళు రోజూ అదే అంటాయి" అంది.

టీ తాగాను. రెండోది కూడా.
కొలిచాను, ఫొటోలు తీశాను,
స్థిరమైన మెట్లు, పదమూడు, అని రాశాను.
ఇందులో నా దయ ఏమీ లేదు.
నిజమే రాశాను.
నిజానికైనా రాసేవాళ్ళొకరు కావాలి కదా.

పదకొండు వారాలు పట్టింది.
గెథిన్ మనుషులు వచ్చి సున్నం రాల్చితే
చూరు మూల సందులో చుట్టి కుక్కిన కోటు,
ఇద్వాల్ క్వారీ కోటు, జేబులో ఇంకా రాతిపొడి.
ఫారాలు తెలియని రోజుల్లో
ఆయనకు తోచిన సాయం అది.
"పబ్బులో పారేసుకున్నావని
ముప్పై ఏళ్ళు తిట్టాను" అంది ఎనిడ్.
ఇంకేమీ అనలేదు.
దుమ్ము దులపకుండానే కొక్కేనికి తగిలించింది.

జనవరిలో ఆఖరి తనిఖీకి వెళ్ళాను.
వీధంతా కప్పులు కరిగి నల్లగా తడిసి ఉన్నాయి,
ఆ ఒక్క ఇంటిమీదే మంచు చెక్కు చెదరలేదు.
పక్కింటాయన రోడ్డుమధ్య నిలబడి
తన కప్పునీ దాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.
నంబరు రాసిచ్చాను.

పైన గది ప్రతివైపూ బెత్తెడు చిక్కింది.
మబ్లి తలమీద టోపీ లేదు.
"ఏమైనా ఇబ్బంది ఉందా?"
ఫారంలో అడగాల్సిన ప్రశ్న, అడిగాను.
చాలాసేపు ఆలోచించి చెప్పింది:
"వాన వినబడటం లేదు."

దానికి గడి లేదు.
అంచున రాశాను.