మూత తీసిన పెట్టె

మూత తీయగానే ముందు నేను తుమ్మాను,
తర్వాత గౌసియా,
ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ హమాలీ ఏసోబు.
నాలుగేళ్ల తేజా కాయల పొడి
లోపలి చిన్న ఫ్యాను రెక్కలకి
ఎర్రగా, దూదిలా పట్టి ఉంది.
"కంప్యూటరు చెడిపోలేదు బాబాయ్‌గారూ,
దానికి ఊపిరాడటం లేదు" అంది
ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని.

లాలాపేటలో రిపేరు కొట్టు ఆ పిల్లది.
నేను గుంటూరు మిర్చి యార్డులో
ముప్పై ఒక్కేళ్ల గుమస్తాని.
కాయ ఊపి గింజ గలగల వింటే
తేమెంతో చెప్పగలను.
రోజూ ముందు కూర్చునే ఈ పెట్టెలో ఏముందో
ఇవాళ్టిదాకా చూడలేదు.

ఇది ప్రాసెసరు, అంది,
అగ్గిపెట్టెంత పలక చూపిస్తూ.
మా కాటా మనిషన్నమాట.
ఎంత సరుకొచ్చినా తూచి పక్కకి నెడుతుంది,
ఎవరిదని అడగదు.
వేడెక్కితే మాత్రం మొరాయిస్తుందట,
ఆ లెక్కన ఏసోబే నయం.

ఇది ర్యామ్. సన్నటి బద్ద.
"పని నడుస్తున్నంతసేపే దీనికి గుర్తు.
కరెంటు పోతే అంతా మరుపే."
పొద్దున యార్డులో కాలు పెట్టే చోటుండదు,
సాయంత్రం చీపురు తిరిగాక
ఏ ఊరి కాయ ఎక్కడ పోశారో
నేలకి తెలీదు.

మరి హార్డ్ డిస్కో?
"మీ కోల్డ్ స్టోరేజీ" అంది, నేననకముందే.
చీకట్లో, చలిలో, నంబరేసిన వరసల్లో
రేటు కోసం నెలల తరబడి పడుకునే బస్తాలు.
కరెంటు పోయినా ఇందులో సరుకు పాడవదు,
అదొక్కటే తేడా.

మదర్ బోర్డుకి అమ్మ పేరెందుకన్నాను.
"అందరూ ఎక్కి కూర్చుంది దాని మీదేగా!"

సాఫ్ట్‌వేరు చూపించమన్నాను.
అది చూపించేది కాదట.
"ఇదంతా చెయ్యి. అది చేతిలో ఆడే లెక్క."
అప్పుడు తట్టింది.
పూర్వం బేరం తువ్వాలు కింద జరిగేది.
కొనేవాడి వేళ్లు అమ్మేవాడి వేళ్లని పట్టుకుని
మాట లేకుండా ధర చెప్పేవి.
తువ్వాలు ఎత్తి చూసినా వేళ్లే కనపడతాయి,
ధర కనపడదు.
బండి కదిలేది మాత్రం దానివల్లే.
"ఇది నేను వాడుకుంటా బాబాయ్‌గారూ,
మా దగ్గర నేర్చుకునే పిల్లలకి చెప్తా" అంది.

బ్రష్షుతో దులిపి, స్క్రూలు గిన్నెలో పోసి
తెర వెలిగించింది.
ఫైళ్లు ఎన్ని పోయాయో చూద్దామని
ఏదో ప్రోగ్రాము నడిపింది.
పచ్చ గీత మెల్లగా కుడికి జరుగుతోంది.
"డిలీట్ చేసినవి కూడా వస్తాయి" అంది మామూలుగా.
చెరిపేశాక ఎలా వస్తాయమ్మా?
"డిలీట్ అంటే చెరపడం కాదండీ,
జాబితాలో పేరు కొట్టేయడం.
సరుకు ఉన్నచోటే ఉంటుంది,
దాని మీద ఇంకో సరుకు పడేదాకా."

ఫిబ్రవరి. క్రోసూరు గాలెయ్య. నలభై మూడు టిక్కీలు.
షావుకారు ఫోనులో ఒక మాటన్నారు.
నేను ఒక మీట నొక్కాను.
నలభై ఒకటని కొత్తది కొట్టాను.
గాలెయ్యకి చదువు రాదు.
తక్‌పట్టీ నాలుగు మడతలు పెట్టి
చొక్కా లోపలి జేబులో దాచుకుని
నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

తెర మీద గాలెయ్య పేరు రెండుసార్లొచ్చింది,
ఒకదాని కింద ఒకటి.
గౌసియా రెండూ చదివింది.
నా వైపు చూడలేదు.
స్క్రూలు లెక్కపెట్టుకుంటూ బిగించింది.
ఏసోబు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.
ఆ టిక్కీలు మోసింది అతనే,
వాటి లెక్క అతని వీపుకి తెలుసు.

బిల్లు పుస్తకం తీసింది.
"మూడొందల యాభై. ఏమని రాయమంటారు?"
"క్లీనింగ్ అని రాయమ్మా" అన్నాను.

ఆమె వెళ్లాక గాలెయ్య నంబరు వెతికాను.
రెండు రింగులయ్యాక పెట్టేశాను.
మళ్లీ చేశాను.