తగ్గించే చక్రం

చీటీ ఈసారి నేనే పాడుకున్నాను.
తరుగు పోగా చేతికొచ్చింది పద్దెనిమిది వేల ఆరొందలు.
కొంగున ముడేసుకుని
పర్లాకిమిడిలో బస్సెక్కాను.
బరంపురం దాకా బస్సు కుదిపినప్పుడల్లా
ముడి ఉందో లేదో చెయ్యే చూసుకుంది,
నేను కాదు.

మాది కొమ్ము పని.
ఆయన కోస్తాడు, నిప్పుసెగ చూపించి వంచుతాడు.
గేదె కొమ్ములోంచి కొంగ మెడ లేచేదాకా ఆయనది,
ఆ మెడ మీద దీపం కనపడేదాకా నాది.

దళారి గణపతి రథో
ఫోన్‌తో ఫొటోలు తీసి ఎక్కడికో పంపుతాడు.
వారం పోయాక వస్తాడు.
"బూడిద రంగులో ఉన్నాయన్నారమ్మా, రేటు దిగింది."
ముప్ఫై ఏళ్ళలో
బూడిద కొంగ ఒక్కటీ నా ఒళ్ళోంచి దిగలేదు.
దారిలో నా మెరుగు ఎవరు తిన్నట్టు?

గేట్ బజార్ షాపులో గుంటడి పేరు దిబ్యరంజన్.
"ఎన్ని మెగాపిక్సెళ్ళు కావాలి మావుసీ?"
ఎన్నుంటే ఏం కనపడుతుంది నాయనా?
దీనికి ఇరవై నాలుగు, దానికి ముప్ఫై రెండు,
దీని జూమ్ పొడుగు, దాని స్క్రీను తిరుగుతుంది,
బియ్యం కొట్టువాడు రకాలు చెప్పినట్టు చెప్పాడు.
బియ్యమైతే నాలుగు గింజలు కొరికి చెబుదును.

సంచిలోంచి కొంగని తీసి గాజు బల్ల మీద పెట్టాను.
"దీన్ని తియ్యి. అన్నిటితోనూ తియ్యి."
"కళా తో!" అన్నాడు మొహం చిట్లించి.
వాళ్ళ మాటలో కళా అంటే నలుపు.
మా మాటలో కళ అంటే ఏమిటో
వాడికి చెప్పలేదు.
ఇక్కడ పుట్టినదాన్ని, నాకు రెండూ ఒకటే.

మొదటిదాంట్లో
కొంగ విబూది పూసుకుని నిలబడింది.
రెండోదాంట్లో ఫ్లాష్ కొట్టి
మెడ మీద బొల్లి మచ్చ.
మూడోది నలభై వేలది.
అందులోనూ బూడిదే,
మరింత స్పష్టమైన బూడిద.

నాకు కెమెరా తెలీదు.
నలుపు తెలుసు.
మెరుగు పెట్టేటప్పుడు బల్బు ఆర్పేస్తాను,
గుమ్మంలో కూచుంటాను, పక్కవాటుగా వచ్చే వెలుతురులో
గీతలు వాటంతటవే బయటపడతాయి.
ఎక్కువ వెలుగు పోస్తే నలుపు సిగ్గుపడి దాక్కుంటుంది.

"వెలుగు తగ్గించేది ఏదైనా ఉందా దీనికి?"
నవ్వాడు. అందరూ పెంచేదే అడుగుతారట.
"ఉంది మావుసీ, లోపల, మెనూలో."
మెనూ అంటే నాలుగు తలుపులు.
నాలుగో తలుపు దగ్గర వాడూ దారి తప్పాడు.

"పైనే ఉండేది చూపించు. బొటనవేలికి అందేది."

అడుగు అరలోంచి పాతదొకటి తీశాడు.
పట్టుకునే చోట రంగు పోయింది.
రుద్దుడు నాకు తెలుసు.
పారేసి ఉంచితే అలా అరగదు,
ఎవరో రోజూ పట్టుకున్న చోటది.
నెత్తిన చిన్న చక్రం. ఒక్క గంటు వెనక్కి తిప్పాడు.
ఇంకోటి తిప్పమన్నాను.

కొంగ నల్లగా వచ్చింది.
నల్లగా వచ్చి, మెడ వంపున
షాపు తలుపంత వెలుగు
వెంట్రుకంత సన్నంగా.
నాలుగు రోజులు ఆకుతో, బొగ్గుపొడితో, అరచేత్తో
రుద్దితే వచ్చిన గీత.
గుంటడు కూడా వంగి చూశాడు.

పన్నెండున్నర వేలు.
"గ్యారంటీ ఉండదు మావుసీ."
గేదె నాకేం రాసిచ్చింది గనక?

తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
గోతిలో చక్రం దిగి టిక్కుమంది.
నా మొదటి ఫొటో:
సగం మోకాలు, చీర అంచు,
గోళ్ళలో కొమ్ము పొడి ఉన్న ఒక చెయ్యి
విప్పిన ముడి మీద.
వంకరగా ఉంది. తీసేద్దామనుకున్నాను.

తీసెయ్యడం వాడు చెప్పలేదు,
నేనూ అడగలేదు.