చివరి కామా

సోహార్ రేవుకు ఆవల, క్యాంపు ఆఫీసు.
రాత్రి పదకొండు. ఏసీ నీళ్లు బకెట్ల బొట్టు బొట్టు.
పదేండ్లు రాడ్లు వంచిన చెయ్యి నాది,
మోకాలు పోయినంక కుర్చీ ఇచ్చిన్రు,
టైమ్‌కీపర్ అన్నరు,
ఒక ఫైలు చూపెట్టిన్రు. జేసన్ అట.

చూసి బుగులు వడ్డ.
అంత ఒక్కటే వరుస, ఊపిరి సలుపకుంట,
తెల్లారి బస్సుల కుక్కిన మనుషుల లెక్క.
"మిషన్‌కు గిట్లనే సాలు భాయ్,
ఖాళీ జాగ మన కండ్లకోసం"
అనుకుంట షినోజ్ ఒక మీట నొక్కిండు.
ఒక్కొక్కలు ఒక్కొక్క గీతకు దిగిన్రు,
రెండడుగులు లోపటికి జరిగి నిలవడ్డరు.

అప్పుడు ఆనవాలు పట్టిన.
ఈ వంకర బ్రాకెట్టు నా స్టిరప్పే గద!
ఈ దిక్కు వంచితె ఆ దిక్కు గూడ వంచాలె,
లేకుంటె పిల్లర్ ఆగది.

0417.
కోట్లు లేకుంట రాస్తె తప్పన్నది,
ముందటి సున్న దానికి గిట్టదట.
హెల్మెట్ మీద తెల్ల పెయింటుతోని
ఆయన తిప్పి తిప్పి దిద్దుకున్న సున్న అది.
అటొకటి ఇటొకటి కోట్లు పెట్టిన. ఊకున్నది.

"ఇంటిపేరు": "నడ్పి"
ఇద్దరన్నదమ్ముల నడుమ పుట్టిండని
తల్లి పిలిచిన పిలుపు,
పాస్‌పోర్టుల ఇంటిపేరై కూసున్నది.
పక్కన రాద్దామనుకున్న, ఇది ఇంటిపేరు కాదని.
షినోజ్ నవ్విండు.
"ఇండ్ల పక్కమాటకు జాగ లేదు భాయ్."

ఓవర్‌టైమ్ కాడ నల్.
నల్ అంటె సున్న గాదట,
ఖాళీ కోట్లు గూడ గాదట,
ఎవలూ రాయలేదని అర్థమట.
నేను చూసిన. ఆగస్టు ఎండల,
జెట్టీ మీద, నలభై ఆరు గంటలు.
నల్ తుడిచి నలభై ఆరు కొట్టిన.
అంకెకు కోట్లు అక్కర లేదు.

పైసలు ముట్టినంక, నెలాఖరుకు
వీసా అయిపోయింది నడ్పి సాయన్నకు.
జాబితాల కడపటోడు.
బ్రాకెట్టు కాడికెళ్లి బ్రాకెట్టు దాక చెరిపిన.
ఫైలు పోత లేదు.
రెండు వందల పన్నెండో గీత, ఎర్రగ.

అరగంట ఎతికిన. అన్ని జతలు మంచిగనే ఉన్నయి.
మీదోడు రాజలింగు,
ఆయన ఎనుక ఒక కామా,
ఇంకొకలు వస్తరని
తలుపు దగ్గరికేసి పెట్టినట్టు.

తుడిచిన.
ఫైలు పోయింది.
బస్సుల మాత్రం పొద్దున
రాజలింగు పక్క సీటు మీద
ఎవలో టిఫిన్ డబ్బా పెట్టిన్రు.