కొమ్ముకీ చుక్కకీ మధ్య

మార్గశిరం. ఎన్నూరు మొగ దగ్గర
తెల్లవారుజాము మూడున్నర.
ఈదర గాలి చెవుల్లో దూరి
పాత బాకీ అడుగుతోంది.
ఇరవై రెండు డిగ్రీలకే మా పళ్లు టకటకలాడతాయి,
మంకీ క్యాపు మద్రాసువాళ్లం.
నవ్వకండి.

కన్నియమ్మ ఇంకా నీళ్లలోనే ఉంది.
నడుము లోతు బురదలో కూర్చుని
రెండు చేతుల్తో అడుగంతా తడుముతోంది,
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికినట్టు.
తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకుంది కాబట్టి
బేరానికి వీల్లేదు.
నేనొక ధర చెబుతాను. పలకదు.
ఇంకో ధర చెబుతాను.
రొయ్య చేతికి తగిలినప్పుడు మాత్రం
ముక్కుతో చిన్నగా ఒక చప్పుడు.

చలికి రొయ్యలు ఇంకా లోతుకు పోతాయట.
"దుప్పటి లాక్కున్నట్టు" అంది ఒకసారి, బుట్ట దించాక.
ఆ దుప్పటి సగం బురద, సగం బూడిద.
కరెంటు ఫ్యాక్టరీ వదిలిన వేణ్ణీళ్లు
పొగలు కక్కుతూ వచ్చి ఏట్లో కలిసేచోట
చేపలు చలి కాచుకుంటాయి.
మేం చేపల కోసం కాచుకుంటాం.

నలభై లెక్కపెట్టి నా బకెట్లో వేసింది.
తను తమిళంలో, రెండ్రెండుగా.
నేను తెలుగులో, ఒక్కొక్కటిగా.
ముప్పై తొమ్మిది దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది.
తప్పిన ఆ ఒక్కటీ
నా చెప్పులో పడి గింజుకుంటోంది.

బకెట్ అంచున బ్యాటరీ మోటారు
బుడబుడమని గాలి ఊదుతోంది.
స్టాన్లీ ఆస్పత్రిలో మా నాన్న మంచం పక్కన
గోడకున్న సీసాలో ఇదే చప్పుడు.
"పొద్దుటిదాకా చూద్దాం" అన్నాడు డాక్టరు.
బకెట్ మీద తడిగోనె కప్పుతూ
నేనూ అదే మాట అన్నాను, పైకే.

గాలం గుచ్చడం వజ్రవేలు నేర్పాడు.
హార్బరులో క్రేన్ నడుపుతాడు, కబుర్లూ అంతే బరువు.
"నెత్తిన కొమ్ముందా? దాని వెనక నల్లచుక్క.
చుక్కకి తగిలిందా, అయిపోయినట్టే.
కొమ్ముకీ చుక్కకీ మధ్య గోరంత జాగా,
అక్కడ గుచ్చితే దానికి తెలీను కూడా తెలీదు."
దానికి తెలీదని నీకెలా తెలుసు,
అని అడగలేదు.
వేళ్ల మధ్య తోక ఒక్కసారి కొట్టుకున్నప్పుడు
నాకు మాత్రం తెలిసింది.

పోటు ఆగింది. పాటు మొదలవలేదు.
ఏం చెయ్యాలో తోచని నీళ్లు
పడవ తాళ్లని నాకుతున్నాయి.
లంగరేసిన ఓడలు దూరంగా లైట్లేసుకుని,
పెళ్లికి ఒకరోజు ముందే వచ్చిన చుట్టాల్లా.
ఎండ్రకాయలు గిల్లాయి. కీచుపిల్లలు గిల్లాయి.
ముప్పై ఒక్క రొయ్యలు
అలా గిల్లించుకునే పోయాయి.
ఒకటి గాలం నుంచి ఊడి, తనంతట తను
చీకట్లోకి ఈదుకుంటూ వెళ్లిపోయింది.
మంచిదే అనుకున్నాను. కాసేపు.

ఐదుంబావుకి దారం నడిచింది.
గుంజలేదు. నడిచింది,
ఆఫీసుకి బయల్దేరిన మనిషిలా.
తర్వాత గుంజింది.

పండుగప్ప. మూడున్నర కిలోలు.
టార్చి వెలుగులో కన్ను
ఊదిన నిప్పుకణిక.
వజ్రవేలు సెల్లు కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు.

నా కత్తి మొండిది. కన్నియమ్మే కోసింది,
టీ గ్లాసు బండ మీద పెట్టి.
కడుపులో సగం ఎండ్రకాయ,
అరిగీ అరగని చిన్న చేప,
దాని పక్కన, గాజుముక్కలా,
ఒక రొయ్య.
మీసం కదులుతోంది.

ఎవరూ ఏమీ అనలేదు.
కన్నియమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి
టార్చి ముందు పెట్టి చూసింది.
కొమ్ముకీ చుక్కకీ మధ్య సూదంత బెజ్జం.
నేను గుచ్చిందే.
నీళ్లలో రెండుసార్లు ముంచి కడిగి
తన బుట్టలో వేసుకుంది.

"అది నాది కదా, డబ్బిచ్చాను కదా"
అన్నాను.
పాటు మొదలైంది. తను నీళ్లలోకి దిగుతోంది.
నా వైపు తిరిగి చూసింది కూడా,
కానీ బుట్ట అప్పటికే
పళ్ల మధ్య ఉంది.